హుజ్జతుల్ ఇస్లాం ఇమాం గజాలీ: లోపాల మధ్య ఎదిగిన జీవితం

ఇమాం గజాలీ రహ్మతుల్లాహి అలైహి పేరు వినని ముస్లిం ఇల్లు అరుదు. ఉర్దూ చదువుకున్న పెద్దల అల్మారాలో కీమియాయె సఆదత్ తర్జుమా ఒకటి వుంటుంది. జుమా బయానులో ఆయన పేరు వస్తుంది. కానీ పేరు తెలిసినంతగా ఆయన జీవితం మనలో చాలామందికి తెలియదు. గొప్ప ఆలిం, గొప్ప సూఫీ, హుజ్జతుల్ ఇస్లాం అని బిరుదు, అంతటితో ఆగిపోతాం. ఆ గొప్పదనం ఎక్కడినుంచి వచ్చిందో, దానికోసం ఆయన ఏం పోగొట్టుకున్నారో అడగం.

ఈ సావనీరులో ఆయన గురించి వ్రాయాలని మేము అనుకోవడానికి కారణం వుంది. జమాతులో లోపాలు చూసి మనసు విరిగి దూరమైపోయే వారు మన మధ్య ఎప్పుడూ వుంటారు. కమిటీలో తగాదాలు, చందా లెక్కల్లో అనుమానాలు, నమాజులో ముందు వరుస, వ్యాపారంలో తప్పుడు తూకం. ఇవి చూసి, ఇలాంటి వాళ్ల మధ్య నాకేం పని, నా నమాజు నేను ఇంట్లో చదువుకుంటాను అనేస్తారు. వారిది కేవలం కోపం కాదు, బాధ కూడా. ఆ బాధ ఇమాం గజాలీకీ కలిగింది. మనకన్నా వెయ్యి రెట్లు కలిగింది. ఆయన నిజంగానే అన్నీ వదిలి వెళ్లిపోయారు. తరువాత తిరిగి వచ్చారు. ఎందుకు వెళ్లారో, ఎందుకు వచ్చారో తెలుసుకుంటే మనకు పనికివచ్చే మాట ఒకటి దొరుకుతుంది.

అన్నం కోసం మదరసాకు

ఆయన పూర్తి పేరు అబూ హామిద్ ముహమ్మద్ బిన్ ముహమ్మద్ అల్ గజాలీ. సంప్రదాయంగా చెప్పే లెక్క ప్రకారం హిజ్రీ 450లో, అంటే క్రీ.శ. 1058లో, ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో పుట్టారు. ఇప్పటి ఇరాన్‌లో మష్హద్ నగరానికి దగ్గరలో ఆ పాత పట్టణం శిథిలాలు వున్నాయి.

ఆయన తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవాడని జీవిత చరిత్రకారుడు సుబ్కీ వ్రాశారు. తనకు చదువు లేదు. కానీ ఆలింల మజ్లిసులో కూర్చుని కన్నీళ్లు పెట్టుకునేవాడట. తన బిడ్డల్లో ఒకడు ఫఖీహ్ కావాలని, ఒకడు మంచి వాయిజ్ కావాలని దుఆ చేసేవాడట. ఆ రెండు దుఆలూ నెరవేరాయి, కానీ చూడడానికి ఆయన లేడు. చనిపోయే ముందు ఇద్దరు కొడుకులనూ, ముహమ్మద్‌నూ అహ్మద్‌నూ, ఒక సూఫీ మిత్రుడికి అప్పగించి, దగ్గరున్న కాస్త సొమ్ము చేతిలో పెట్టాడు. నాకు దక్కని చదువు వీళ్లకు చెప్పించు అని కోరాడు.

సొమ్ము ఎంతకాలం వస్తుంది? అయిపోయింది. ఆ మిత్రుడూ పేదవాడే. ఏదైనా మదరసాలో చేరండి, కనీసం పూట గడుస్తుంది అని పిల్లలకు చెప్పాడు. అలా చేరారు. ఇస్లాం చరిత్రలో అంత పెద్ద ఆలిం మదరసా గడప తొక్కింది ఇల్మ్ కోసం కాదు, అన్నం కోసం. ఈ సంగతిని ఆయన పెద్దయ్యాక దాచలేదు. వేరే ఉద్దేశంతో చదువులో చేరినా, ఆ చదువే తమను అల్లాహ్ వైపు లాక్కుపోయిందని చెప్పుకున్నారు.

మేము బడిలో పాఠం చెప్పేవాళ్లం. మధ్యాహ్న భోజనం కోసం బడికి వచ్చే పిల్లవాణ్ణి చూసి కొందరు పెదవి విరుస్తారు. గజాలీ కథ తెలిసిన టీచరు పెదవి విరవడు. నియ్యత్ మొదట్లోనే స్వచ్ఛంగా వుండాలని పట్టుబడితే ఎవరూ లోపలికి రాలేరు. లోపలికి వచ్చాక నియ్యత్ కడుక్కోవడమే అసలు చదువు.

దొంగ చెప్పిన పాఠం

కొంత చదువుకుని జుర్జాన్ పట్టణం వెళ్లి, అక్కడి ఉస్తాదు దగ్గర విన్న పాఠాలన్నీ వ్రాసుకుని తిరిగి వస్తుండగా, దారిలో దొంగలు పడ్డారని ఒక కథ చెబుతారు. దోచుకున్న సామానులో ఆ కాగితాల మూట కూడా పోయింది. యువకుడు దొంగల నాయకుడి వెంటపడి, అందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదు, నా చదువంతా అందులోనే వుంది, అది మాత్రం ఇచ్చేయమని బతిమాలాడు. దొంగ నవ్వాడు. మేం మూట పట్టుకుపోతే పోయే చదువు ఏం చదువు అని ఎగతాళి చేసి, మూట పారేశాడు. తూస్‌కు వచ్చాక మూడేళ్లు కూర్చుని అన్నీ కంఠస్థం చేశారట.

నీతి చెప్పింది ఎవరో చూడండి. పీర్ సాహెబ్ కాదు, ముఫ్తీ కాదు, దారి దోపిడీ దొంగ. వాడి నోటినుంచి వచ్చినా మాట నిజమే కనుక గజాలీ తీసుకున్నారు. చెప్పినవాడు మంచివాడు కాదుగా అని విదిలించి పారేయలేదు. ఆయన జీవితమంతటికీ ఇది తాళం చెవిలాంటిది.

బాగ్దాద్ వైభవం

తరువాత నిషాపూర్ చేరి ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర చదివారు. ఆ రోజుల్లో ఉమ్మత్ ప్రశాంతంగా వుందని అనుకోకండి. హనఫీలకూ షాఫియీలకూ పడేది కాదు, హన్బలీలకూ అష్అరీలకూ పడేది కాదు. జువైనీ యవ్వనంలో ఒక వజీరు అష్అరీ ఆలింలను మింబరు మీదనుంచి శపింపజేసాడు. జువైనీ ఊరు వదిలి కొన్నేళ్లు మక్కా మదీనాలలో తలదాచుకున్నారు. ఇమాముల్ హరమైన్, అంటే రెండు పవిత్ర స్థలాల ఇమాం, అనే బిరుదు అలా వచ్చింది. సొంతవాళ్లే తరిమేస్తే వచ్చిన బిరుదు అన్నమాట.

1085లో జువైనీ మరణించారు. గజాలీ సల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ కొలువు చేరారు. అక్కడ ఆలింలు కూడి వాదోపవాదాలు చేసేవారు, అందులో గజాలీని మించినవారు లేరు. 1091లో వజీరు ఆయనను బాగ్దాద్ నిజామియా మదరసాకు ప్రధాన ఉస్తాదుగా పంపాడు. వయసు ముప్ఫై మూడు. ముందు కూర్చునే విద్యార్థులు 300 మంది. ఖలీఫా దర్బారులో గౌరవం, ఖరీదైన దుస్తులు, వెనక పరివారం. అప్పటి రోజుల్లో ఒక ఆలింకు అంతకన్నా పెద్ద కుర్చీ లేదు.

మాట పడిపోయింది

1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. కొద్ది వారాలకే సుల్తాన్ మలిక్ షా కూడా పోయాడు. అధికారం ఎంత పలచని తెరో బాగ్దాద్ అంతా చూసింది. గజాలీ ఆ రోజుల్లో సూఫీల గ్రంథాలు చదువుతున్నారు. చదివిన కొద్దీ ఒక సంగతి గుచ్చుకుంది. ఇది పుస్తకాలతో పూర్తయ్యేది కాదు, బ్రతికి చూపాల్సింది. అప్పుడు తన నియ్యత్‌ను తాను తరచి చూసుకున్నారు. పాఠం చెప్పడంలో తన ఉద్దేశం అల్లాహ్ రజా కాదని, పేరు ప్రతిష్ఠలేనని తేలింది. ఈ మాట ఆయన గురించి శత్రువులు వ్రాసింది కాదు. అల్ మున్ఖిజ్ మినద్దలాల్ అనే తన ఆత్మకథలో ఆయనే వ్రాసుకున్నారు.

1095లో, రజబ్ నెలతో మొదలై సుమారు ఆరు నెలలు, నలిగిపోయారు. ఇవాళ వెళ్లిపోదామనిపిస్తుంది, సాయంత్రానికి మనసు మారుతుంది. చివరకు నాలుక కదలడం మానేసింది. విద్యార్థుల ముందు కూర్చుని ఒక్క మాట పలకలేకపోయేవారు. అన్నం దిగేది కాదు, నీళ్లు దిగేవి కావు. వైద్యులు వచ్చి, ఇది మనసు జబ్బు, మా మందులకు లొంగదని చేతులెత్తేశారు. అప్పుడు అల్లాహ్ ముందు సాగిలపడ్డారు. ఆ తరువాత కుర్చీ వదలడం తేలికయిందని వ్రాశారు.

మక్కా వెళ్తున్నానని అందరికీ చెప్పి, మనసులో మాత్రం షాం ప్రయాణం పెట్టుకున్నారు. భార్యాబిడ్డలకు సరిపడా వుంచి మిగిలింది పంచేశారు. మదరసాలో తమ్ముడు అహ్మద్‌ను నిలబెట్టి, నవంబరులో బాగ్దాద్ దాటారు. ఊళ్లో ఆలింలు తలో రకంగా అనుకున్నారు. దీనికోసం ఇంత పదవి వదులుకుంటారంటే వారికి నమ్మకం కలగలేదు.

ఏకాంతంలో వ్రాసిన గ్రంథం

డమాస్కస్‌లో ఉమయ్యద్ జామె మస్జిదు మీనారు ఎక్కి తలుపు వేసుకుని రోజంతా ఇబాదత్‌లో వుండేవారు. తరువాత బైతుల్ మఖ్దిస్‌లో కుబ్బతుస్ సఖ్రాలో అదే పద్ధతి. హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం మజారు దగ్గర మూడు ప్రతిజ్ఞలు చేశారు. ఏ రాజు దర్బారుకూ పోను, రాజుల సొమ్ము తీసుకోను, వాదపోటీలకు దిగను అన్నవి ఆ మూడు. హజ్ చేశారు. పిల్లలు గుర్తుకొచ్చి స్వదేశం చేరారు. ఏకాంతం పూర్తిగా నిలబడలేదని, సంసారం, బ్రతుకుతెరువు అడ్డం వచ్చేవని, అయినా ఆశ వదలలేదని ఆయనే చెప్పుకున్నారు.

ఆ ఏళ్లలోనే ఇహ్యావు ఉలూమిద్దీన్ వ్రాశారు. నాలుగు భాగాలు, ఒక్కొక్క దానిలో 10 చొప్పున 40 పుస్తకాలు. ఇబాదతులు, రోజువారీ వ్యవహారాలు, మనిషిని ముంచే గుణాలు, గట్టెక్కించే గుణాలు. మొదటి పుస్తకంలోనే ఉలమాను గట్టిగా మందలించారు. ఫర్జె కిఫాయా సంగతి అందరం వింటుంటాం. ఊళ్లో కొందరు చేస్తే అందరి బాధ్యత తీరుతుంది, ఎవ్వరూ చేయకపోతే అందరూ గునహ్‌గార్లే. వైద్యం, లెక్కలు కూడా అందులోవే అని ఆయన వ్రాశారు. తన కాలంలో ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడు ఒక్కడైనా లేకపోగా, ఫిఖ్హ్ వాదాలకు మాత్రం జనం ఎగబడుతున్నారని నొచ్చుకున్నారు. కారణం ఏమిటంటే ఫిఖ్హ్ ద్వారా ఖాజీ పదవి, వక్ఫ్ పెత్తనం, అనాథల ఆస్తుల మీద అజమాయిషీ దొరుకుతాయి. వైద్యం ద్వారా అవి దొరకవు. స్కాలర్‌షిప్పులు, వైద్య శిబిరాలు అంటూ తిరిగే మనలాంటి సొసైటీల వారు ఈ పేజీలు తప్పక చదవాలి.

అయితే ఆయన మందలింపుతో ఆగిపోలేదు. తన లోపం మనిషి ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్న వేసుకుని నాలుగు దారులు చూపించారు. ఒకటి, లోపాలు పసిగట్టగల ఉస్తాదు ముందు కూర్చోవడం. రెండు, నిజం చెప్పే స్నేహితుడు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు అంతటి ఖలీఫా తన లోపాలేమిటో హజ్రత్ సల్మాన్‌నూ, హజ్రత్ హుజైఫానూ అడిగి తెలుసుకునేవారని గుర్తుచేశారు. మూడు, శత్రువు నాలుక. పొగిడే మిత్రుడి కన్నా తిట్టే శత్రువు వల్ల లాభం ఎక్కువన్నది ఆయన లెక్క. నాలుగు, జనంతో కలిసి తిరగడం. ఇంకొకరిలో ఏ గుణం చూసి మనకు అసహ్యం వేస్తుందో అది మనలో ఎంతుందో వెతుక్కోవాలి.

ఈ నాలుగో దారి దగ్గర మేము ఆగి ఆలోచించాం. జమాతులో అందరూ మంచివాళ్లే అయితే ఈ దారి మూసుకుపోతుంది. పక్కవాడి లోభం నా లోభానికి అద్దం. సెక్రటరీ సాహెబ్ కోపం నా కోపానికి అద్దం. అద్దంలో మచ్చ కనిపించిందని అద్దం పగలగొడితే ముఖం మీది మచ్చ పోతుందా?

అదే గ్రంథంలో స్నేహం హక్కులు ఎనిమిది చెప్పారు. సొమ్ముతో ఆదుకోవడంతో మొదలవుతాయి. సోదరుడి లోపాల గురించి నోరు కట్టుకోవడం ఒక హక్కు, జారిపడితే మన్నించడం ఇంకొకటి. ఏకాంతం మంచిదా, కలిసి వుండడం మంచిదా అని వేరే ఒక పుస్తకమే వ్రాసి రెండు వైపులా తూచారు. ఏకాంతం వల్ల ఎన్నో పాపాలు తప్పుతాయి, నిజమే. కానీ నేర్చుకోవడం, నేర్పడం, సేవ చేయడం, ఇతరుల బాధ ఓర్చుకుని నఫ్స్‌ను లొంగదీసుకోవడం, వినయం, అనుభవం, ఇవన్నీ జనం మధ్యే దొరుకుతాయని తేల్చారు.

తిరిగి రావడం

పదకొండేళ్లు గడిచాయి. నిజాముల్ ముల్క్ కొడుకు ఫఖ్రుల్ ముల్క్ అప్పుడు ఖురాసాన్ వజీరు. నిషాపూర్ నిజామియాలో పాఠాలు చెప్పమని పట్టుబట్టాడు. గజాలీ మనసులో మళ్లీ పెనుగులాట. రాజుల సొమ్ము ముట్టనన్న మాట ఏమవుతుంది? వెళ్తే పాత జబ్బు తిరగబెడితే? అప్పుడు తన ఏకాంతాన్ని కూడా తరచి చూసుకున్నారు. ఏకాంతంలో మిగిలిపోవడానికి అసలు కారణం బద్ధకం, సుఖం, జనం పెట్టే బాధ తప్పించుకోవడం, తన గౌరవం కాపాడుకోవడం అయితే అది సరైన కారణం కాదని తేల్చుకున్నారు. మనసు స్వచ్ఛమైన పెద్దలతో మష్వరా చేశారు. అందరూ వెళ్లమనే అన్నారు. 1106లో పాఠం మొదలుపెట్టారు.

ఇది ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా పెద్ద ఘట్టంగా కనిపిస్తుంది. బాగ్దాద్ వదలడానికి ధైర్యం కావాలి, నిజమే. కానీ అప్పుడు వదిలింది కుర్చీని. ఇప్పుడు వదిలింది, నేను వాళ్లలాంటివాణ్ణి కాను అనే తృప్తిని. ఇది ఇంకా కష్టం. వెనక్కి వచ్చింది కూడా బాగుపడిన జమాతులోకి కాదు. అదే మదరసా, అవే తగాదాలు. మారింది మనిషి. పూర్వం పేరు తెచ్చిపెట్టే ఇల్మ్ చెప్పేవాణ్ణి, ఇప్పుడు పేరు వదిలించే ఇల్మ్ చెబుతున్నానన్న అర్థంలో తానే వ్రాసుకున్నారు.

మారాడని అందరూ వెంటనే ఒప్పుకోలేదు. నిషాపూర్ చరిత్ర వ్రాసిన అబ్దుల్ గాఫిర్ ఫారిసీ ఆయనను ముందునుంచీ ఎరుగును. ఒకప్పుడు గజాలీ ఎంత గర్వంగా వుండేవారో, ఇతరులను ఎంత చిన్నచూపు చూసేవారో ఎరిగినవాడు. అందుకే ఇదంతా వేషమేమో అని అనుమానించాడు. పలుమార్లు వెళ్లి కలిసి, గమనించి, చివరకు తన అనుమానమే తప్పని ఒప్పుకుని వ్రాశాడు. తోటివాడు మారవచ్చునని నమ్మడానికి ఇంత శ్రమ పడే మనుషులు మన జమాతుల్లో ఎంతమంది?

ప్రత్యర్థులు మాత్రం ఊరుకోలేదు. కుర్రతనంలో వ్రాసిన పుస్తకంలో ఇమాం అబూ హనీఫాను నొప్పించే మాటలు వున్నాయని పాలకుడు సంజర్ దగ్గర ఫిర్యాదు చేశారు. దర్బారుకు పోనన్న మనిషి సంజాయిషీ చెప్పుకోవడానికి వెళ్లవలసి వచ్చింది. మరోవైపు 1109లో అందలూస్‌లో, కార్డోబాలో, పాలకుల ఆజ్ఞతో ఇహ్యా ప్రతులను తగలబెట్టారు. తగలబెట్టించినవారూ ముస్లింలే, ఫఖీహులే. ఇన్ని జరిగినా ఆయన కలం ఎదుటివాణ్ణి కాఫిర్ అనడానికి తొందరపడవద్దనే చెప్పింది. ఫైసలుత్ తఫ్రిఖా అనే పుస్తకం ఆ విషయం మీదే వ్రాశారు.

చివరి వరకు విద్యార్థి

కొంతకాలానికి తూస్ చేరి, ఇంటి పక్కనే విద్యార్థులకు ఒక మదరసా, సూఫీలకు ఒక ఖాన్ఖా ఏర్పరిచారు. బాగ్దాద్ పదవి మళ్లీ పిలిచినా పోలేదు. అప్పుడు ఆయన చేసిన పని ఒకటి చాలామందికి తెలియదు. హదీసు శాస్త్రంలో తన సరుకు తక్కువని ఆయనకు తెలుసు. ఇహ్యాలో బలహీనమైన రివాయతులు చేరాయని తరువాతి ఆలింలు తప్పుపట్టారు కూడా. ఆ లోటు తీర్చుకోవడానికి జీవిత చరమాంకంలో బుఖారీ, ముస్లిం గ్రంథాల పాఠానికి కూర్చున్నారని ఫారిసీ వ్రాశాడు. హుజ్జతుల్ ఇస్లాం అనిపించుకున్న మనిషి మళ్లీ విద్యార్థుల వరుసలో!

ఉమ్మత్ కూడా ఆయన గ్రంథం పట్ల అదే న్యాయం చూపింది. లోపం వుందని పారేయలేదు, లోపం లేదని దాచనూ లేదు. విమర్శించిన ఇబ్నుల్ జౌజీయే దాన్ని సరిదిద్ది, సంక్షేపించి వేరే గ్రంథం తయారుచేశారు. 1404లో మరణించిన హాఫిజ్ ఇరాఖీ అందులోని హదీసులను ఒక్కొక్కటిగా పరిశీలించి ఏది బలమైనదో ఏది కాదో గుర్తులు పెట్టారు. ఆ గుర్తులతోనే ఇహ్యా ఈనాటికీ అచ్చవుతోంది. మన ప్రాంతానికీ ఈ పరంపరలో వాటా వుంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అల్లామా షిబ్లీ నోమానీ హైదరాబాదులో ఉద్యోగం చేసిన కాలంలోనే ఉర్దూలో అల్ గజాలీ అనే జీవిత చరిత్ర వెలువరించారు.

హిజ్రీ 505 జమాదివుస్సానీ 14, క్రీ.శ. 1111 డిసెంబరు 18, సోమవారం. తెల్లవారుజామున వజూ చేసుకుని నమాజు చదివి, కఫన్ తెప్పించుకుని, ముద్దు పెట్టుకుని కళ్లకద్దుకుని, ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారని తమ్ముడు అహ్మద్ చెప్పినట్లు తెలుస్తోంది. వెలుతురు పూర్తిగా పరచుకోకముందే ప్రాణం పోయింది. వెనక మిగిలింది కూతుళ్లు, పుస్తకాలు.

మనకు పాఠం

సోదర సోదరీమణులారా! లోపాలను కప్పిపుచ్చమని ఈ జీవితం మనకు చెప్పడం లేదు. గజాలీ కప్పిపుచ్చలేదు, పేజీల కొద్దీ వ్రాశారు. చందా లెక్క తప్పితే అడగాలి, పిల్లల స్కాలర్‌షిప్పులో పక్షపాతం జరిగితే నిలదీయాలి. కానీ అడిగే మనిషి లోపలివాడై వుండాలి, అడిగేముందు తన జేబు, తన నియ్యత్ చూసుకుని వుండాలి. బయట నిలబడి రాళ్లు వేయడం ఎవరికైనా చేతనవును.

కొంతకాలం పక్కకు తప్పుకోవడమూ తప్పు కాదు. మనసు గాయపడినవారికి ఆ విశ్రాంతి అవసరమే. గజాలీకి 11 ఏళ్లు పట్టింది. కానీ తప్పుకున్నవారు ఏడాదికి ఒకసారైనా ఆయన వేసుకున్న ప్రశ్న వేసుకోవాలి. నేను దూరంగా వుంటున్నది అల్లాహ్ కోసమా, నా సుఖం కోసమా? ఇక లోపల వున్న మనం తిరిగి వచ్చేవారిని ఇన్నాళ్లూ ఎక్కడున్నారని దెప్పకూడదు. వరుసలో కాస్త జరిగి చోటివ్వాలి.

పరిపూర్ణుల జమాతు భూమి మీద లేదు. వుంటే అందులో మనకు చోటుండేది కాదు. తన లోపాన్ని చూడగల కన్ను, తోటివాడి లోపాన్ని ఓర్చుకోగల గుండె మనందరికీ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.